నరాల బలానికి మాత్ర

మా ఇంట్లో మాత్రలు దాచుకునే అలవాటు ఎవరికీ లేదు. మా అత్త షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వంటింటి కిటికీలో, ఉప్పు డబ్బా పక్కన, ఒక స్టీలు గిన్నెలో ఉంటాయి. ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ తాగడం అయ్యేలోపు ఆ గిన్నె ఒకసారి కిందికి దిగుతుంది. "ఈ తెల్లది పొద్దన్నే, ఈ పచ్చది అన్నానికి ముందర" అని ఆమె చూపిస్తే, వచ్చినవాళ్లు కూడా సంచిలోంచి తమవి తీసి చూపిస్తారు. మా ఆయన గ్యాసు మాత్ర చొక్కా జేబులో, పెన్ను పక్కనే ఉంటుంది. తిరుపతిలో మా వీధిలో షుగరుందని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లను నేను చూడలేదు. కాస్త గొప్పగా చెప్పుకునేవాళ్లను మాత్రం చూశాను.

నా మాత్ర ఒక్కటే బీరువాలో, చీరల మడతల మధ్య ఉండేది. చిన్నది, తెల్లది, మధ్యలో సన్నటి గీత. చూడ్డానికి మా అత్త బీపీ మాత్రకూ దానికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా అది ఏ భాగానికి పనిచేస్తుందన్న దాంట్లో ఉంది. గుండెకు వేసుకోవచ్చు, పొట్టకు వేసుకోవచ్చు, మోకాళ్లకైతే రెండు కూడా వేసుకోవచ్చు. మెడకు పైన ఉన్నదానికి వేసుకుంటే మాత్రం అది జబ్బు కాదు, వీధిలో నాలుగు రోజుల కబురు.

నాకది మొదలైంది పాకాలలో. అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచరును. పొద్దున తిరుపతిలో రైలెక్కి పాకాల జంక్షన్లో దిగడం, సాయంత్రం అదే దారిన వెనక్కి రావడం. పెళ్లైన రెండో ఏడు, నగరిలో మా అమ్మ పోయిన ఆరు నెలలకు, నాకు మూడో తరగతి నోటు పుస్తకాలు దిద్దడం చేతకాకుండా పోయింది. చేతకాకపోవడమంటే బద్ధకం కాదు. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంటుంది, మూత తీయాలని తెలుసు, తీయలేను. ఒకరోజు పాకాల వచ్చింది, అందరూ దిగారు, నేను దిగలేదు. చిత్తూరు వచ్చింది, దిగలేదు. కాట్పాడిలో పెట్టె ఊడ్చడానికి వచ్చిన మనిషి చీపురుతో సీటు మీద తడితే దిగాను. స్కూలుకు ఏమని చెప్పావని ఆ సాయంత్రం మా ఆయన అడిగితే, కడుపు నొప్పని చెప్పానన్నాను. ఏ జబ్బు బయటికి చెప్పుకోవచ్చో, ఏది చెప్పుకోకూడదో నాకు అప్పటికే బాగా తెలుసు.

మా ఆయన ఒక లాడ్జీలో మేనేజరు. వచ్చిన ప్రతి మనిషినీ ఆధార్ కార్డు అడిగి, అందులోని ఫోటోను ఎదురుగా ఉన్న ముఖంతో రెండుసార్లు పోల్చి చూసుకుంటే గానీ తాళం చేతికివ్వడు. అంత నికార్సైన మనిషి, నన్ను మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయి వచ్చిన రోజు వాళ్లమ్మకు ఒక అబద్ధం చెప్పాడు.

"నరాల బలహీనతంట మా. నరాల బలానికి మాత్రలు రాసిచ్చినారు."

"అదా! నేను ముందే అనుకున్న్యా" అంది మా అత్త. ఆమెకు నరాలంటే గౌరవం. ఒళ్లొంచి పనిచేసేవాళ్లకే నరాలు బలహీనపడతాయని ఆమె నమ్మకం. ఆ మర్నాటి నుంచి నాకు మునగాకు పప్పు, ఆదివారం ఆదివారం మేకకాళ్ల పులుసు. అసలు పేరు చెప్పి ఉంటే దిష్టి తీసి, మెడలో ఒక తాయెత్తు వేసి ఉండేదేమో. నరాల పుణ్యాన పులుసు దొరికింది. నేనూ నోరెత్తకుండా తిన్నాను. నెలన్నర తిరిగేసరికి పెన్ను మూత ఊడి వచ్చింది. మా అత్త లెక్కలో అది పులుసు గొప్పతనం.

ఈ అబద్ధం ఎంత పెద్దదో అర్థం కావాలంటే మా అత్త పుట్టిన ఊరు చెప్పాలి. ఆమెది ఐరాల. కాణిపాకం పక్కనే. అక్కడి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొలం గట్టు జరపలేదన్నవాణ్ణీ, పక్కింటి కోడిని కోసుకోలేదన్నవాణ్ణీ "అయితే పా కాణిపాకానికి, ప్రమాణం చెయ్యి" అంటే చాలు, సగం తగాదాలు బస్సెక్కకముందే తేలిపోతాయి. మా అత్త ఆ గాలిలో పెరిగింది. చారు ఎలా ఉందని అడిగితే కూడా ఒక్క నిమిషం ఆలోచించి, రేపు ప్రమాణం చేయమన్నా ఇబ్బంది లేని జవాబే చెబుతుంది. పాలల్లో నీళ్లు కలపలేదన్న పాలాయనను "కాణిపాకంలో సెప్తావా ఆ మాట?" అని అడిగింది. అతను మర్నాటి నుంచి మా వీధికి రావడం మానేశాడు. అలాంటి మనిషి ఉన్న ఇంట్లో మేమిద్దరం ఆ అబద్ధాన్ని మూడేళ్లు నడిపాం.

అబద్ధం మొదలైన మూడో ఏడు నేను కడుపుతో ఉన్నానని తెలిసింది. సంతోషం ఒక పూట ఉంది. రెండో పూట మా ఆయన ఫోన్ తీశాడు. ఒక వీడియోలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన, కడుపుతో ఉన్నప్పుడు మనసు మందులు వేసుకుంటే బిడ్డ మెదడు ఏమవుతుందో తెలుసా అని అడిగి, జవాబు చెప్పకుండా చాలాసేపు మా వైపు చూశాడు. దాని కిందే ఇంకో వీడియో. అందులోనూ ఆయనే, దానిమ్మ తొక్కతో బట్టతల మీద వెంట్రుకలు మొలిపిస్తున్నాడు. ఆ రెండోదాన్ని మేమిద్దరం నమ్మలేదు. మొదటిదాన్ని నమ్మడానికి మాత్రం ఆ కోటే సరిపోయింది.

మా మనసు డాక్టరమ్మ మాట తూచి చెప్పే మనిషి. నేను అడిగినవన్నీ విని, మాత్ర చీటీ మళ్లీ అలాగే రాసింది.

"మీ అంతట మీరు ఆపొద్దు. తగ్గించాలనుకుంటే నాతో కలిసి, మెల్లగా తగ్గిద్దాం. మందు కొంత బిడ్డకు చేరుతుంది, నిజమే. మీ జబ్బు కూడా చేరుతుంది. తినని తల్లి, నిద్రపోని తల్లి బిడ్డకు మంచిది కాదు. పుట్టాక కొంతమంది పిల్లలు కొద్ది రోజులు వణుకుతారు, చిరాకు పడతారు. చాలావరకు అదే సర్దుకుంటుంది. పెద్దయ్యాక మెదడు మీద ఏమైనా ఉంటుందా అంటే, చూసినవాళ్లు ఇంకా తలో మాట చెబుతున్నారు. ఏది మందు వల్ల, ఏది జబ్బు వల్ల అన్నది విడదీయడం కష్టం. మీరు అంతకుముందు ఎలా ఉన్నారో నేను చూశాను కాబట్టి, మీకు మందు ఉండడమే మేలంటాను."

"ఏమీ కాదని ఒక్క మాట చెప్పండి మేడం" అన్నాను.

"ఆ మాట ఏ మందూ వేసుకోని తల్లికి కూడా నేను చెప్పను."

నాకు ఒళ్లు మండింది. డాక్టరు ఫీజు తీసుకునేది ధైర్యం చెప్పడానికి కదా, ఈమె చూస్తే నా చేతికి తక్కెడ ఇచ్చి తూచుకోమంటోంది. కాన్పుల డాక్టరు కూడా ఆ చీటీ చూసి, ఆమె చెప్పినట్టే చేయండి అని తన ఐరన్ మాత్రలు కింద రాసింది. ఇద్దరు డాక్టర్లు ఒకే మాట మీద ఉండడం నాకు ఇంకా అనుమానంగా తోచింది.

మూడో నెలలో నేను మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు. తల్లి కాబోయే మనిషికి ఏదో ఒక త్యాగం చేయాలని ఉంటుంది. నాకు కాఫీ మానడం చేతకాలేదు, అందుకని మాత్ర మానేశాను. మొదటి వారం తల తిరిగింది, ఒంట్లో అక్కడక్కడా కరెంటు తగిలినట్టు జిల్లుమంది. రెండో వారం బాగుంది. బిడ్డ మెదడును నేనొక్కదాన్నే కాపాడుతున్నానని రైల్లో కిటికీ పక్కన కూర్చుని పొంగిపోయాను. నాలుగో వారానికి పెన్ను మూత మళ్లీ బిగుసుకుంది.

ఆ తర్వాతిది చెప్పడం నాకు కష్టం. కాబట్టి జరిగింది జరిగినట్టు చెబుతాను. ఒకరోజు మధ్యాహ్నం స్కూల్లో తలనొప్పని చెప్పి, పాకాల స్టేషనుకు వచ్చాను. తిరుపతి రైలుకు ఇంకా రెండు గంటలు ఉంది. నీడలో బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. నేను వాటిని దాటి, ప్లాట్‌ఫారం చివర, జనం ఎవరూ పోని చోటికి పోయి, అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాను. ఎండ బాగా ఉందని గుర్తుంది. గూడ్సు బండి ఆగకుండా పోతుంది, దూరంగా ఉండండి అని మైకులో చెప్పడం విన్నానని కూడా గుర్తుంది. విని లేవలేదు. ఎందుకు లేవలేదో ఈ రోజుకీ నాకు సరిగ్గా తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఆ రోజు మా అత్త ఐరాలలో ఒక శుభకార్యానికి పోయి, తిరిగి వస్తూ పాకాల బస్సెక్కింది, నాతో కలిసి రైల్లో వద్దామని. స్కూలుకు పోతే టీచరమ్మ వెళ్లిపోయిందన్నారట. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ ప్లాట్‌ఫారమంతా నడిచి వచ్చి నా పక్కన చతికిలబడింది. ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"అన్నం తిన్న్యావా?"

"లేదత్తా."

సంచిలోంచి శుభకార్యంలో పెట్టిన తీపి ఓళిగ తీసి, తుంచి, నా నోట్లో పెట్టింది. "కాళ్లు పైకి తీసుకో, ఎండ సుర్రుమంటాది" అంది. తీసుకున్నాను. నేను ఆ ఓళిగ నములుతుండగా గూడ్సు బండి పోయింది. చాలా పెట్టెలున్నాయి దానికి. చివరి పెట్టె పోయేదాకా మా అత్త నా చెయ్యి వదల్లేదు. ఆకలికి కళ్లు తిరిగి కూర్చుండిపోయానని అనుకుని ఉంటుందిలే అనుకున్నాను.

రైలు కదిలాక అడిగింది.

"మాత్ర ఏసుకుంటా ఉండావా?"

ఎదురుగా ఐరాల మనిషి. అబద్ధం గొంతు దాటి రాలేదు.

"మానేసినానత్తా. బిడ్డకు మంచిది కాదేమోనని."

"నరాలకు బలమిచ్చే మాత్ర బిడ్డకెట్ల సెడుపు సేస్తాది? బిడ్డకు మాత్రం నరాలుండవా? పిచ్చిదానా."

నేను మాత్ర మానేశానని మా అత్త చెప్పగానే, ఆ సాయంత్రమే మా ఆయన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. మర్నాడు పోతే ఆమె నన్ను తిట్టలేదు, ఎలా మళ్లీ మొదలుపెట్టాలో చెప్పింది, వారంలోపే రమ్మంది. మా అత్త మాత్రం మాటలతో సరిపెట్టలేదు. బీరువాలో చీరలన్నీ దులిపి ఆ అట్ట బయటికి లాగి, తన స్టీలు గిన్నెలో వేసుకుంది. ఆ రోజు నుంచి కాన్పు దాకా, పొద్దున రైలుకు బయల్దేరే ముందు ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్ల గ్లాసుతో వాకిట్లో నిలబడేది. మింగాక నోరు తెరిచి చూపించమనేది. మూడో తరగతి పిల్లలకు నులిపురుగుల మాత్ర వేయించే రోజు నేను చేసే పనే అది, నాకు ఎదురైంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మా కోడలికి నరాల మాత్ర రాసినారు. కడుపులో బిడ్డకు మెదుడు నరాలు గట్టిపడతాయంట" అని వీధిలో చెప్పుకొచ్చింది. ఎవరన్నారు అంటే ఎవరూ అనలేదు, తనకు తోచింది. నిజమని నమ్మి చెప్పిన మాట కాబట్టి ఆమె లెక్కలో అది అబద్ధం కాదు. పై వాటాలో అద్దెకున్న అమ్మాయికి నా కంటే ఒక నెల ముందు కాన్పు. ఆ అమ్మాయి ఒకరోజు కాగితం, పెన్ను పట్టుకుని వచ్చింది, "అక్కా, ఆ మెదడు మాత్ర పేరు రాసియ్యండి" అని.  ఎవరి ఒంటికి పడేది వాళ్లకే రాస్తారని, డాక్టరును అడగకుండా వేసుకోకూడదని ఏదేదో చెప్పి పంపించాను. నా బిడ్డ ఒక్కటే తెలివిగా పుట్టాలని పేరు దాచిపెట్టానని ఆ అమ్మాయి కాన్పు దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. లోకమంతా బిడ్డ మెదడు పాడవుతుందని భయపడే మందు, మా వీధిలో మాత్రం మెదడుకు టానిక్కు. ఫోన్లో తెల్లకోటాయన వచ్చి చెప్పినా మావాళ్లు నమ్మేవాళ్లు కాదు.

ఆడపిల్ల పుట్టింది. రెండో రోజు పాప చేతులు వణకడం మొదలైంది. గడ్డం కూడా. ఏడుపు సన్నగా, ఆగకుండా. డాక్టరమ్మ చెప్పినదే అని నాకు తెలుసు. తెలిసినా, ఆ చేతులను చూసి, ఇది నేనే చేశాను అనుకున్నాను. పిల్లల డాక్టరు వచ్చి పాపను అటూ ఇటూ తిప్పి చూసి, తల్లి ఏమైనా మందులు వాడిందా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా అత్త ముందుకొచ్చింది.

"నరాల మాత్ర సార్. నేనే దగ్గరుండి ఏపించినా. ఒక్క పూట తప్పనీలేదు."

ఆయన ఫైలు తిరగేసి, పేరు చదివి, చాలా మర్యాదగా చెప్పాడు. "ఇది నరాలకు కాదమ్మా. డిప్రెషన్‌కు. మనసు బాగలేనివాళ్లకు ఇస్తారు. అందుకే బిడ్డ కాస్త వణుకుతోంది. పాలు పట్టించండి, ఒంటికి ఆనించుకోండి, రెండు మూడు రోజులు ఇక్కడే ఉంచి చూద్దాం. మామూలుగా తగ్గిపోతుంది."

మా అత్త డాక్టరును చూడలేదు, నన్ను చూడలేదు. కొడుకును చూసింది.

"నరాలన్న్యావే?"

లాడ్జీకి దొంగ కార్డుతో వచ్చినవాళ్లు ఎలా నిలబడతారో మా ఆయనకు అప్పుడు అనుభవంలోకి వచ్చింది. "మెదడులో ఉండేది కూడా నరాలే కదా మా" అన్నాడు. అది ఆయన జీవితంలో చెప్పిన అత్యంత తెలివితక్కువ జవాబు, కొంత నిజం కూడా.

నాలుగో రోజుకు వణుకు తగ్గింది. అప్పటిదాకా మా అత్త మాతో మాట్లాడలేదు. పాప చెయ్యి తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి మాత్రం, గోడ వైపు తిరిగి, "నా సేత్తోనే ఏపిస్తి గదా" అంది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మాట వినగానే నాకు జాలి కలగాల్సింది. ముందు కలిగింది ఊరట. అయిదు నెలలుగా ఆ నేరాన్ని ఒక్కదాన్నే మోశాను, ఇప్పుడు రెండో మనిషి దొరికింది. జాలి ఆ తర్వాత కలిగింది, సిగ్గుతో కలిసి.

నెలన్నర తర్వాత డాక్టరమ్మ దగ్గరికి పోయేటప్పుడు, నేనూ వస్తానని మా అత్త ఆటో ఎక్కింది. వద్దని చెప్పే అర్హత మా ఇద్దరికీ లేదు. లోపలికి పోయి, కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"డాక్టరమ్మా, ఈ బిడ్డ మెదుడుకు ముందుముందు ఏమీ కాదని కాణిపాకంలో ప్రమాణం సేస్తావా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"చెయ్యలేనమ్మా."

"ఎందుకు సెయ్యలేవు? మందు రాసింది నువ్వే గదా?"

"నేనే. రాసినందుకు నాకేం బాధ లేదు, మళ్లీ అయినా అదే రాస్తాను. కానీ రేపేమవుతుందో నాకు తెలియదు. తెలిసినంతలో భయపడాల్సింది కనిపించలేదు. తెలిసినదానికైతే ప్రమాణం చేస్తాను. తెలియనిదానికి ఎట్లా చేసేది?"

 మా అత్త కుర్చీ లాక్కుని కూర్చుని, తన మోకాళ్ల గురించి అడగడం మొదలుపెట్టింది. బయటికొచ్చాక ఆటోలో అంది, "ఈయమ్మ మంచి మనిషి. అబద్ధం ఆడదు." ఆ అబద్ధాన్ని నోటితో చెప్పిన మా ఆయన ముందు సీట్లో డ్రైవరు పక్కన ముడుచుకుని కూర్చుని, ఇల్లొచ్చేదాకా వెనక్కి తిరగలేదు. ధైర్యం చెప్పనందుకు నేను కోప్పడిన డాక్టరును, సరిగ్గా అందుకే మా అత్త నమ్మింది.

నమ్మింది గానీ ఊరుకోలేదు. ప్రమాణం దొరకలేదు కాబట్టి సాక్ష్యం తనే సేకరించుకోవాలనుకుంది. ఉయ్యాల వెనక నిలబడి స్టీలు గ్లాసు కింద పడేసేది. పాప ఉలిక్కిపడితే "ఇనబడతా ఉండాది" అని తేల్చేది. ఉలిక్కిపడకపోతే పెద్ద గ్లాసు తెచ్చేది. తాళాల గుత్తి ఇటూ అటూ ఆడించి కళ్లు తిరుగుతున్నాయా లేదా చూసేది. పై వాటా పాప బోర్లా పడిన రోజు, మా పాపను కూడా ఒక పూటంతా చాప మీద వేసి, బోర్లా పడమని బతిమాలింది. మా పాప నవ్వి, తన కాలి వేలు నోట్లో పెట్టుకుంది. ఆ రోజు మా అత్త అన్నం తినలేదు.

క్రమంగా ఇంట్లో ఒక పద్ధతి స్థిరపడింది. పాప తొందరగా నడిచింది, అది వాళ్ల ఐరాల కాళ్లు. మాట రావడానికి రెండేళ్లు పట్టింది, అది మాత్ర. వచ్చాక గొంతు వీధి చివరిదాకా వినపడింది, అది మా నగరి వంశం, మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడాలని పుట్టుకతోనే అరిచేవాళ్లం. చెప్పు తీసి కిటికీలోంచి పారేస్తే మాత్ర. పారేసిన చెప్పు ఎవరిదో గుర్తుపెట్టుకుంటే మళ్లీ వంశం. పిల్లల డాక్టరు ప్రతిసారీ చూసి, బాగానే ఉంది, వయసుకు తగ్గట్టే ఉంది అనేవాడు. "ప్రమాణం సేస్తాడేమో అడుగు" అనేది మా అత్త నా చెవిలో. నేను అడగలేదు.

ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. ఏడు అంకెను తిరగేసి రాస్తుంది. మా అత్త పలక పట్టుకుని నా దగ్గరికి వచ్చింది, ముఖం పాలిపోయి. నా స్కూల్లో పిల్లలందరూ ఒకప్పుడు ఏడును తిరగేసి రాసినవాళ్లే, ఆ లెక్కన పాకాల మండలమంతా నా మాత్రే వేసుకుని ఉండాలి అన్నాను. ఆమె నవ్వలేదు. నేను నవ్వాను. నవ్వి, ఆమె అటు పోయాక పలక తీసి ఆ ఏడును చాలాసేపు చూశాను. ఇంత ఎగతాళిగా రాస్తున్నాను గానీ, నేనూ చూస్తూనే ఉంటాను. పాప ఒక మాట మరిచిపోయినా, పిలిస్తే వెంటనే పలకకపోయినా, లోపల ఆ పాత భయం తల ఎత్తుతుంది. మా అత్త గ్లాసు పడేసి చూస్తుంది, నేను గ్లాసు పడేయకుండానే చూస్తాను, అంతే తేడా.

ఇప్పుడు నాకు మళ్లీ అయిదో నెల. అదే డాక్టరమ్మ, అదే మాత్ర. ఈసారి నేను మానలేదు. అట్ట మొదటి రోజు నుంచీ స్టీలు గిన్నెలోనే ఉంది, షుగరు మాత్ర పక్కన. దాన్ని ఏమని పిలవాలో మాత్రం ఇంట్లో ఎవరం తేల్చుకోలేదు. "నీది ఏసుకున్న్యావా?" అంటుంది మా అత్త. "వేసుకున్నా" అంటాను. నాలుగేళ్లుగా దానికి పేరు 'నీది'.

పోయిన ఆదివారం ఐరాల నుంచి మా అత్తకు వరసకు మరదలు ఒకావిడ వచ్చింది. నోరున్న మనిషి. ఆమెకు తెలిస్తే ఐరాలకు, కాణిపాకానికి, దారిలో ఉన్న ఊళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. అలవాటు ప్రకారం గిన్నె కిందికి దిగింది. తెల్లది పొద్దున, పచ్చది అన్నానికి ముందు, అన్నీ అయ్యాయి.

"ఇదేంది ఒదినా, మద్దిన గీతుండాది?"

నా చెయ్యి చెంచాతో పాటు ఆగిపోయింది. నరాలకు అని చెప్తే బాగుండు అనుకున్నాను. ఆ ఒక్క అబద్ధం మా అత్త నోట వినాలని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

"అది నాది కాదు. మా కోడలిది. మనసు బాగలేకుంటే ఏసుకునేది."

"కడుపుతో ఉండి ఏసుకుంటాదా? బిడ్డ మెదుడుకు ఏమీ కాదా ఒదినా?"

"ఏమో. దానికి ఎవురూ ప్రమాణం సెయ్యరు. ఆ డాక్టరమ్మనే మొగాన అడిగినా, సెయ్యలేనన్నాది."

"మరి తెలిసి తెలిసి ఎట్ల ఏపిస్తా ఉండావు?"

 గిన్నెలో అట్టలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. మా అత్త ప్రమాణానికి నిలబడే జవాబు కోసం వెతుక్కుంటోందని నాకు తెలుసు.

"అప్పుడు పెద్దది కడుపులో ఉన్నప్పుడు ఇది మానేసినాది. పాకాల టేసన్లో గూడ్సు బండి వచ్చే పక్క కాళ్లు ఏలాడేసి కూసోని ఉండాది. ఆకలికి కాదు. దాని మొగం సూసినా నేను, ఈ కండ్లతో. ఇది ఏసుకోకుంటే మా కోడలుండదు, ఆ బిడ్డా ఉండదు. దానికైతే నేను సేస్తా ప్రమాణం. పా, ఇప్పుడే పోదాం కాణిపాకం."

వచ్చినావిడ కదల్లేదు.  నాలుగేళ్లకు పైగా ఆ స్టేషను మాట మా అత్త ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఓళిగ తినిపించిన సంగతి కూడా ఎత్తలేదు. ఆమెకు తెలియదనుకుని నేను ఇన్నాళ్లూ బతికాను.

"ఏమ్మే, నీది ఏసుకున్న్యావా?" అని ఆమె గట్టిగా కేకేసింది.

"లేదత్తా, ఇంకా లేదు" అని నీళ్ల గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాను. ఆమె అట్టలోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. వచ్చినావిడ చూస్తుండగానే మింగి, అడక్కుండానే నోరు తెరిచి చూపించాను.